ఎందుకని అడగని పిల్ల

1960 జనవరి 11న దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండలేదు. మన దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ఆ ఏడాదే జూలై 11న అమెరికాలో హార్పర్ లీ రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల వెలువడింది. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. కర్నూలు నుంచి కడపకు బయల్దేరినప్పుడు నా సంచిలో ఆ నవల ఉంది, నేను ముందుగా దిగాలనుకున్న ఊరు సంజీవయ్య పుట్టిన పెద్దపాడు. అందువల్ల దారి పొడవునా ఆ రెండు తేదీలూ నా మనసులో పక్కపక్కనే ఉన్నాయి.

నవల చదవనివారి కోసం కొంచెం చెబుతాను. 1930ల నాటి అలబామా రాష్ట్రంలో మేకోంబ్ అనే చిన్న ఊరు. కథ చెప్పే స్కౌట్‌కు మొదట్లో ఆరేళ్లు కూడా నిండవు. అన్న జెమ్, తల్లి లేని ఆ పిల్లలను పెంచే నల్లజాతి వంటమనిషి కల్పూర్నియా, ప్లీడరైన తండ్రి అట్టికస్. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మీద ఒక తెల్ల యువతిని చెరిచాడన్న నేరం మోపుతారు. అతని ఎడమ చెయ్యి చిన్నప్పుడే పత్తి జిన్నింగ్ యంత్రంలో పడి చచ్చుబడిపోయింది. ఆమెను కొట్టినవాడు ఎడమచేతి వాటంవాడని అట్టికస్ కోర్టులో తేటతెల్లంగా చూపిస్తాడు. అయినా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ టామ్‌ను దోషి అంటుంది. తర్వాత జైలు కంచె దాటబోయిన అతన్ని కాపలావాళ్లు పదిహేడు గుళ్లతో కాల్చి చంపుతారు. నల్లవాళ్లు కూర్చునే మేడ మీది వరసల్లోంచి విచారణ అంతా చూసిన జెమ్ ఆ తీర్పు విని ఏడుస్తాడు. పసితనం చెదిరిపోయిన కథగా లోకమంతా ఆ నవలను గుండెకు హత్తుకుంది.

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పనిలో ఆ నవలను మళ్లీ మళ్లీ చదువుతుంటాను. ఒక చోట ఎప్పుడూ ముందుకు కదల్లేను. టామ్ చనిపోయిన కబురు చెప్పడానికి అట్టికస్ అతని ఇంటికి వెళ్తాడు. వాకిట్లో పిల్లలు గోలీలాడుకుంటుంటారు, వాళ్లలో ఒకడు టామ్ కొడుకు శామ్. గడపలో ఒక చిన్న పాప మెట్లు దిగడం ఎలాగా అని చూస్తుంటుంది. అట్టికస్ తన వేలు అందించి దింపుతాడు. అంతే. ఆ పాప మళ్లీ కనబడదు. ఆ కాస్త కూడా స్కౌట్ స్వయంగా చూసింది కాదు, స్నేహితుడు చెప్పగా విన్నది. న్యాయం ఎలా ఓడిపోతుందో స్కౌట్‌కు ఎనిమిదో తొమ్మిదో ఏట తెలిసింది, తెలిసినందుకు మనందరం ఆమెతో కలిసి బాధపడ్డాం. మరి ఆ పాపకు ఎప్పుడు తెలిసింది? లోకం మంచిదని నమ్మే వయసు ఆమెకు ఎన్నేళ్లు దక్కింది? ఈ ప్రశ్నకు జవాబు అలబామాలో వెతకాల్సిన పని నాకు లేదు.

కర్నూలులో హంద్రీ దాటి కల్లూరు మీదుగా పోతే పెద్దపాడు ఎంతో దూరం కాదు. 1921 ఫిబ్రవరి 14న ఇక్కడ మునయ్య, సుంకులమ్మ దంపతులకు సంజీవయ్య పుట్టారు. సెంటు భూమి లేని మాల కుటుంబం. ఆయన పొత్తిళ్లలో ఉండగానే తండ్రి పోయాడు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని పాలకుర్తిలో అన్నదమ్ముల పంచన చేరింది. పశువులు కాచిన ఆ పిల్లవాడు కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో, అనంతపురం దత్తమండల కళాశాలలో చదివి, మద్రాసులో లా పూర్తి చేసి, 1950లో న్యాయవాదిగా పేరు నమోదు చేసుకున్నారు. హార్పర్ లీ తన కథలో టామ్ మీద విచారణ జరిపించిన 1935లో ఈయనకు పద్నాలుగేళ్లు. అలబామాలో శామ్‌కు నల్లకోటు కలలోకి కూడా రాని కాలం అది. ఇక్కడ మాలగేరి పిల్లవాడు ఇంకొకరు వచ్చి తన తరఫున వాదించేదాకా కాచుకోకుండా తానే ఆ కోటు తొడుక్కున్నాడు. అట్టికస్ ఎంత మంచివాడైనా ఈ ఒక్కటి ఆ నవలలో లేదు, ఉండే వీలూ లేదు.

ఊళ్లో వేపచెట్టు కింద ఒక పెద్దాయన దొరికాడు. ఎనభై దాటి ఉంటాయి. సంజీవయ్య పేరెత్తగానే నడుం నిటారు చేసుకుని కూర్చున్నాడు.

“ముఖ్యమంత్రి అయినంక గూడ వాళ్లమ్మ ఈడ్నే పుల్లలపొయ్యి ఊదుకుంటా ఉండెనమ్మా. ఒకసారి కొడుకొచ్చి లెక్క చేతికిస్తే, నాకు నువ్వున్నావు గదా నాయనా, కొడుకులు ల్యాని ముసిలోళ్ల గతేంది అనిందంట. అప్పుడు పెట్టినాడు పింఛన్లు.”

తల్లీ కొడుకుల మధ్య సరిగ్గా ఆ మాటలే నడిచాయో లేదో గానీ, వృద్ధాప్య పింఛను ఆయన పాలనలోనే మొదలైంది. ఈ ప్రాంతంలో ఆ కథ తెలియని ముసలివాళ్లు లేరు. పింఛన్ల సంగతి అయ్యాక, చిన్నప్పుడు బడిలో మీరెక్కడ కూర్చునేవారు తాతా అని అడిగాను.

“బయట. గోడ కాడ.”

“బయట కూర్చోమని ఎవరు చెప్పినారు?”

ఆయన కాసేపు ఆలోచించాడు. “ఎవురూ చెప్పల్యా. మా యన్న ఆడ కూర్చుంటాండె. నేనూ పొయ్యి ఆడ్నే కూర్చుంటి.”

అక్కణ్నుంచి ఓర్వకల్లు రాళ్లగుట్టలు, పాణ్యం. నంద్యాల దగ్గరపడే కొద్దీ ఎర్రనేల పోయి నల్లరేగడి మొదలవుతుంది. శనగ విత్తే కాలం. దున్నిన చేలు వాన వెలిసిన సాయంత్రంలో మెరుస్తున్నాయి. సుంకేశుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరిన కర్నూలు-కడప కాలువ, జనం నోట కేసీ కెనాల్, మూడువందల కిలోమీటర్లకు పైగా పారి కడప దాకా పోతుంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దాన్ని తవ్వించింది. గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వానికి అమ్ముకుంది. సరిగ్గా ఆ 1860లలోనే అమెరికాలో అంతర్యుద్ధం. బానిసల చేత పండించిన దక్షిణాది పత్తి ఓడలెక్కడం ఆగిపోగానే లాంకషైర్ మిల్లులు మన వైపు చూశాయి. బళ్లారి, కర్నూలు నల్లరేగడి పత్తికి ఒక్కసారిగా రేటు వచ్చింది. హార్పర్ లీ వాళ్ల ఊరి పత్తికీ మా పత్తికీ ఈ రేవుల లెక్క ఎప్పటినుంచో ఉంది.

మనుషుల మధ్య పోలిక కూడా కొత్తగా నేను తెచ్చింది కాదు. జోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అచ్చు వేసినప్పుడు అమెరికాలో బానిసత్వాన్ని తొలగించిన వాళ్లకే దాన్ని అంకితమిచ్చాడు. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశానికి వచ్చినప్పుడు త్రివేండ్రంలో దళిత పిల్లల బడికి వెళ్లారు. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు అంటూ పిల్లలకు పరిచయం చేశాడు. ఆ మాటకు మొదట చివుక్కుమన్నా, కాసేపు ఆలోచించాక అది నిజమేనని ఒప్పుకున్నానని కింగ్ తర్వాత తన చర్చిలో చెప్పుకున్నారు.

నంద్యాల దగ్గర పెద్ద రోడ్డు వదిలి కోయిలకుంట్ల వైపు తిరిగాను. కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ. బయటివాళ్లకు ఉయ్యాలవాడ అంటే 1846లో కుంపిణీ మీద తిరగబడిన నరసింహారెడ్డి గుర్తుకొస్తాడు. నేను వెళ్లింది పత్తి విత్తనం కోసం. హైబ్రిడ్ పత్తి విత్తనాన్ని చేల్లో చేత్తో తయారుచేసే పనికి ఇక్కడ క్రాసింగ్ అని పేరు. మరునాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రం పూట ఎంచి, బొటనవేలి గోటితో పూరేకులూ వాటితోపాటు పుప్పొడి తిత్తులూ ఒలిచేస్తారు, లోపలి కీలాగ్రానికి దెబ్బ తగలకూడదు. గుర్తుగా ఎర్ర కాయితం తగిలిస్తారు. మర్నాడు పొద్దున మగ వరసల్లోంచి కోసుకొచ్చిన పువ్వును దాని మీద రుద్దుతారు. ఎకరం చేనులో ఈ పని నెలల తరబడి రోజూ, ఒక్క పూట తప్పకుండా జరగాలి. తప్పితే కాయ నిలవదు, నిలిచినా విత్తనం కల్తీ అవుతుంది. వేళ్లు సన్నగా ఉండాలి, మొక్క ఎత్తుకు మనిషి వంగగలగాలి, కూలి తక్కువకు రావాలి, ఎదురు చెప్పకూడదు. ఇన్ని లక్షణాలూ కలిసినవాళ్లు ఎనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలని ఈ వ్యాపారం కనిపెట్టింది. 1990ల నుంచి పరిశోధకులు ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఈ సంగతి నమోదు చేస్తూ వచ్చారు. చేలల్లోని పిల్లల్లో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల ఇళ్లవాళ్లు. సీజన్‌కు ముందే తండ్రి చేతిలో అడ్వాన్సు పడేది, పిల్ల పేరు బడి హాజరుపట్టీలోంచి జారిపోయేది. దేశమంతా చర్చ లేచాక, బడి కోసం పనిచేసినవాళ్ల పట్టుదల వల్ల, ఆ సంఖ్య బాగా తగ్గింది. అప్పటి పిల్లలు ఇప్పుడు తల్లులు.

అలాంటి ఒకామెతో చేను గట్టున చాలాసేపు కూర్చున్నాను. ఇప్పటికీ క్రాసింగుకే పోతుంది. ఆమె కూతురు పదో తరగతి.

“తొమ్మిదేండ్లు నాకు అప్పుడు. మా నాయన ఆసామి కాడ అడ్వాన్సు తీసుకున్యాడు. బడి ఇడ్సిపెట్టి పోతి. దసరా సెలవులకు ఆసామి పాప వాళ్ల జేజితో చేను కాడికొచ్చె. నా ఈడుదే. దప్పికైతే కుండ కాడికి పొయ్యి నేను దోసిలి పట్టినా. ఆ పాప గ్లాసు ముంచి నా చేతికియ్యబాయె. వాళ్ల జేజి గ్లాసు గుంజుకొని, పైనించి పొయ్యి అనె. పాప ‘ఎందుకు జేజీ, ఎందుకు’ అని ఒకటే అడగబట్టె. ఏడ్సె గూడ.”

“నువ్వేమన్నావు?”

“నేనేమంటా అక్కా. నాకు తెల్సు గదా. అప్పటికే దోసిలి పట్టుకోనుంటి గదా నేను.”

నేను అప్పటిదాకా నవలలో వెతుకుతున్నది ఆ మాటలో ఉంది. ఎందుకని అడిగిన పాప స్కౌట్. ఆ రోజు ఆమెలో ఏదో విరిగింది, అది నిజమైన బాధే, పెద్దయ్యాక ఆమె రచయిత్రి అయి ఉంటే ఆ కుండనూ ఆ గ్లాసునూ మనకు కన్నీళ్లతో రాసి ఇచ్చి ఉండేది. రెండో పాపకు ఆ రోజు కొత్తగా విరగడానికి ఏమీ మిగల్లేదు. తొమ్మిదేళ్లు రాకముందే, నడక నేర్చినంత సహజంగా, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే, చేతులు దోసిలి పట్టడం నేర్చుకున్నాయి. అన్న కూర్చున్న చోటే తమ్ముడు పోయి కూర్చున్నట్టు. పసితనాన్ని దేవుడు పిల్లలందరికీ సమంగా ఇస్తాడని మనం అనుకుంటాం. ఊళ్లో ఒక లెక్క, గేరిలో ఒక లెక్క. ఊరి పిల్ల తొమ్మిదేళ్ల దాకా తెలియకుండా ఉండగలిగింది. అలా ఉండడం ఆమెకు ఆ ఇంటి గోడలు ఇచ్చిన సౌకర్యం. గేరి పిల్ల తెలియకుండా ఉంటే దెబ్బలు తినేది, అందుకని తల్లే తొందరపడి నేర్పింది. బిడ్డ మీది ప్రేమతోనే నేర్పింది. ఆ తల్లుల గురించి తలచుకున్నప్పుడు నాకు గొంతు పూడుకుపోతుంది.

“ఆసామి మంచోడే అక్కా,” అని ఆమె మళ్లీ మళ్లీ అంది. “జొరమొస్తే మాత్ర కొనిచ్చె. మా చెల్లి పెండ్లికి బియ్యం పంపె. గ్లాసు మాత్రం వేరే.”

ఆ ఆసామి మంచితనాన్ని నేను తోసిపుచ్చను. హార్పర్ లీకి కూడా ఈ మంచితనంతో పేచీ ఉంది. 2015లో ఆమె పాత రచన ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ బయటికి వచ్చినప్పుడు పాఠకులు దిమ్మెరపోయారు. అందులో పెద్దదైన స్కౌట్ ఊరికి తిరిగొచ్చి, తన తండ్రి అట్టికస్ నల్లవాళ్లకు సమాన హక్కులు వద్దనే తెల్లవాళ్ల సభలో కూర్చుని ఉండడం చూస్తుంది. కోర్టులో నల్లవాడి ప్రాణం కోసం పోరాడినవాడే, నల్లవాడు తన పక్కన కూర్చునే బడి వద్దంటాడు. చాలామంది ఆ పుస్తకం అచ్చు కాకపోతే బాగుండేదన్నారు. నాకు మాత్రం మాకింగ్‌బర్డ్ కంటే అదే మా పల్లెలకు దగ్గరగా అనిపిస్తుంది. మందు బిళ్ల కొనిచ్చే చెయ్యే వేరే గ్లాసు పెడుతుంది, ఆ రెంటి మధ్యా ఆ చేతికి ఏ తడబాటూ ఉండదు.

టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో ప్రభుత్వానికి నివేదించింది. ఇప్పుడు ప్రతి నెలా ముప్పయ్యో తేదీన అధికారులు పల్లెల్లో పౌరహక్కుల దినం జరపాలి. ఆళ్లగడ్డ దారిలో నేను టీ తాగిన చోటల్లా అందరికీ కాయితం కప్పులే. తాగి పారేసే కప్పులొచ్చాక గ్లాసుల గొడవ పోయింది అన్నాడు ఒక హోటలాయన. గ్లాసు పోయిన మాట నిజం. కొన్ని చోట్ల కప్పు పట్టుకుని బల్ల మీద కూర్చునేవాళ్లెవరో, బయట నిలబడేవాళ్లెవరో ఇంకా తెలుస్తూనే ఉంది.

నవలకు గుండెకాయ కోర్టు గది కాబట్టి ఒక మాట ఇక్కడే చెప్పాలి. రాయలసీమకు దూరమైనా, తెలుగునేల మీద దానికి సరితూగే విచారణ చుండూరుది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. ఊరిపెద్దల కులాలవాళ్లు నిందితులు. బాధితులు పట్నం కోర్టుల చుట్టూ తిరగబోమన్నారు. ఘటన జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. కవి, న్యాయవాది బొజ్జా తారకం ఆ కేసుకు అండగా నిలిచారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. జెమ్ ఏడ్చినట్టు ఆ రోజు ఏడవడానికి చుండూరు పిల్లలు పిల్లలుగా మిగల్లేదు. 1991లో తండ్రిని పోగొట్టుకున్న పసివాడికి ఆ తీర్పు నాటికి ముప్పయ్యేళ్లు దగ్గరపడి ఉంటాయి.

ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు. మైదుకూరు నుంచి పక్కకు తిరిగితే కందిమల్లాయపల్లె, జనం వాడుకలో బ్రహ్మంగారి మఠం. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి పశువులు కాస్తూ రవ్వలకొండలో కాలజ్ఞానం రాసిన వీరబ్రహ్మం చివరికి ఇక్కడే సమాధిలో కూర్చున్నారని నమ్మకం. ఆయన విశ్వబ్రాహ్మణుడు. ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల సాయిబుల ఇంటి పిల్లవాడు. ఇంకో శిష్యుడు కక్కయ్య మాదిగ. మూడు శతాబ్దాల కింద ఈ ఎండు నేల మీద ఈ ముగ్గురూ ఒక చెట్టు కింద కూర్చున్నారన్నది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కక్కయ్య కథ చిన్నప్పుడు అందరం విన్నాం, 1984లో ఎన్టీ రామారావు తీసిన సినిమాలో చూశాం. బ్రహ్మంగారు సిద్ధయ్యకు శరీరంలోని చక్రాల గురించీ, ఒక్కో చక్రంలో కొలువైన దేవతల గురించీ చెబుతుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. ఇంటికి పోయి, ఆ దేవతలను చూడాలని నిద్రలో ఉన్న భార్య దేహాన్ని కోశాడు. నెత్తురు తప్ప ఏమీ కనబడలేదు. గుండె పగిలి గురువు మీద విరుచుకుపడ్డాడు. గురువు ఆమెను బతికించి దర్శనం చేయించాడు. సినిమాలో ఆ ఘట్టానికి హాలంతా భయపడేది. ఈసారి మఠంలో కూర్చుని ఆలోచిస్తే ఆ కథ నన్ను ఇంకోలా పట్టుకుంది. ప్రతి దేహంలోనూ దేవతలున్నారని చెప్పినవాళ్లు ఈ దేశంలో వేలమంది. అది నిజంగా తన ఇంటికి, గేరిలో తడిక పక్కన పడుకున్న తన భార్య ఒంటికి కూడా వర్తిస్తుందని అక్షరాలా నమ్మినవాడు కక్కయ్య. చదువుకున్నవాళ్లు ఆ మాటను వల్లించి, తర్వాత కుండ దగ్గర దోసిలి పట్టమన్నారు. ఆ నమ్మకానికి కత్తిపోటు తిన్నది మాత్రం ఆమె. ఆమె వైపు నుంచి ఈ కథ చెప్పినవాళ్లు నాకు ఇంతవరకూ కనబడలేదు.

మఠంలో దర్శనానికి వరస ఒక్కటే. అన్నదానం పంక్తి ఒక్కటే. నా పక్కన కూర్చున్న కుటుంబం ఏ ఊరిదో, ఎవరో నేను అడగలేదు, వాళ్లూ అడగలేదు. పాప ఒకతి తన విస్తట్లో బూరెను సగం విరిచి నా విస్తట్లో వేసింది. వాళ్లమ్మ వారించబోయి, నా మొహం చూసి ఊరుకుంది. వారించబోయింది ఎందుకో రెండు కారణాలుండవచ్చు. ఏదో ఒకటే నిజమని తేల్చుకోబుద్ధి కాలేదు.

కడప చేరేసరికి ఎండ మండుతోంది. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆయన బంగళా ఉన్న తావులోనే ఉంది. 1820లో కడపకు వచ్చిన ఆ కుంపిణీ ఉద్యోగి, కులాన్ని చీల్చి చెండాడిన వేమన పద్యాలను వెతికి తీసి 1829లో అచ్చు వేయించాడు. తాటాకుల్లోంచి వేమన ఇళ్లలోకి మళ్లీ నడిచొచ్చాడు. పద్యాలు మాత్రం అందరి నోటికీ వచ్చాయి, కుండ దగ్గరికి పోయేసరికి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆ కేంద్రం గ్రంథాలయంలో నన్ను కలుస్తానన్న మా విద్యార్థిని పోరుమామిళ్ల వైపు పల్లె నుంచి వచ్చి సంక్షేమ హాస్టల్లో ఉంటూ చదువుకుంటోంది. నేను చెప్పగా కొలకలూరి ఇనాక్ కథ ‘ఊరబావి’, అనంతపురం చిలుకూరి దేవపుత్ర నవల ‘పంచమం’ చదివింది. ఇక్కడి యోగివేమన విశ్వవిద్యాలయంలోనే తెలుగు చెప్పే ఎం.ఎం. వినోదిని కథలు నాకంటే ముందే తానే వెతుక్కుని చదువుకుంది. తెలుగులో ఇవన్నీ ఉన్నందుకు నాకు గర్వం. టామ్ కూతురు పెద్దదై రాస్తే ఎలా ఉంటుందో వీళ్లు చూపించారు. ఇప్పుడు మా విభాగం సదస్సులో మాకింగ్‌బర్డ్ మీద మాట్లాడబోతోంది. నేను అట్టికస్ గురించో స్కౌట్ గురించో అడుగుతానని సిద్ధపడి వచ్చినట్టుంది, అయినా ఆమె మొదలుపెట్టింది కల్పూర్నియాతో.

“ఆమె అట్టికస్ ఇంట్లో ఒక తీరు మాట్లాడ్తాది, వాళ్ల చర్చిలో ఒక తీరు మాట్లాడ్తాది. ఎందుకట్లా అని స్కౌట్ అడుగుతాది. నన్నెవరూ అడగరు మేడం. నేను రోజూ అదే చేస్తాండా. క్లాసులో ఒక మాట, ఇంటికి పోతే ఒక మాట.”

ఆ చర్చి ఘట్టంలో అక్షరాలు వచ్చినవాళ్లు నలుగురే. కల్పూర్నియా కొడుకు ఒక్కో పాదం చదువుతుంటే మిగిలినవాళ్లు అందుకుని పాడతారు. తల్లి అతనికి చదువు నేర్పిన పుస్తకం న్యాయశాస్త్ర వ్యాఖ్య. నంద్యాలలోనూ ముత్యాలపాడులోనూ మిషన్ బడులు మాల మాదిగ పిల్లలకు అక్షరం చేర్చిన సంగతి మా విద్యార్థినికి ఇంటి చరిత్రే. వాళ్ల ముత్తవ్వ అలాగే చదువుకుందట.

“ఇంకోటి మేడం. టామ్ సచ్చిపోయినాడని తెలిసినాక అట్టికస్ వంటింట్లోకొచ్చి కల్పూర్నియాను రమ్మంటాడు, టామ్ పెండ్లాం హెలెన్‌కు చెప్పేటప్పుడు తోడుంటుందని. ఆమె ఏప్రాన్ ఇప్పేసి పోయి కారెక్కుతాది. ఆ కార్లో అంత దూరం పోయినారు. పోయేటప్పుడు ఆమె ఏమనిందో, ఏమనుకునిందో ఒక్క వాక్యం ల్యా. స్కౌట్ ఆ కార్లో లేదు గాబట్టి మనకు తెలీదంట. నేను దాని గురించే మాట్లాడ్తా.”

అది రచయిత్రి లోపమా, పిల్ల కంటితో కథ చెప్పాలన్న ఎంపిక వల్ల తప్పని హద్దా అని నేను అడిగాను. స్కౌట్ గొంతు లేకపోతే ఆ నవల అన్ని కోట్ల మందిని చేరేది కాదని, తెల్లవాళ్ల పిల్లలు బడుల్లో దాన్ని చదివి సిగ్గుపడ్డారంటే ఆ గొంతు వల్లేనని నా వాదన. నేను ఇప్పటికీ దాని మీదే ఉన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఎవరి కంటితో చూడాలో ఎంచుకున్నప్పుడే ఎవరు కనబడరో కూడా ఎంచుకున్నట్టేనని, కారులోని ఆ దూరాన్ని ఇప్పటికైనా ఎవరో ఒకరు రాయాలని అంది. ముందు తాను మాట్లాడుతుందట, తర్వాత రాస్తుందట. సదస్సులో ఒక్కొక్కరికి పది నిమిషాలే. అవి చాలవని నాతో గట్టిగా వాదనకు దిగింది. ఇరవై ఇప్పించమని విభాగంలో అడుగుతానని ఆమెకు మాటిచ్చాను.